డిస్కులు కనపడడం లేదు

మే 5, సోమవారం

పొద్దున తొమ్మిదికి కంప్యూటర్ ఆన్ చేశాను. నల్లటి తెర, మీద రెండు వరుసల తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. డిస్కు పెట్టి ఏదో ఒక మీట నొక్కమంటోంది. డిస్కు లోపలే ఉంది కదా, ఇంకెక్కడి నుంచి తెచ్చి పెట్టేది?

ఆపి మళ్లీ వేశాను. ఆరుసార్లు. అదే మాట.

సెట్టింగుల పేజీలోకి వెళ్లి చూశాను. డిస్కుల పేర్లు ఉండాల్సిన చోట ఏమీ లేదు. మొదటిదీ లేదు, రెండోదీ లేదు. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని నాలుగేళ్ల కింద రెండోది పెట్టించాం. ప్రతి చీర డిజైనూ రెండింట్లోనూ దాస్తాను. అంచులు, కొంగులు, బుటాలు, పదకొండేళ్ల పని. ఒకటి చెడిపోయిందంటే నమ్ముతాను. రెండూ ఒకేసారి ఎలా పోతాయి?

శుక్రవారం సాయంత్రం దాకా బాగానే ఉంది. శుక్రవారం జ్యోతిలక్ష్మికి నా దగ్గర ఆఖరి రోజు. శని, ఆదివారాలు నేను ఆ గది తలుపు తీయలేదు.

ఈ మాటలన్నీ పక్కపక్కన ఎందుకు రాశానో తెలియదు. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటే మంచిదని, అంతే.

మే 6, మంగళవారం

మా ఆయన నాగేశ్వర రంగుల షెడ్డు నుంచి మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. చేతులకు ఇంకా పట్టు రంగు అంటుకునే ఉంది. చెప్పాను.

"ఆదివారం కరెంటు పోయి వచ్చినప్పుడు ఫ్యాన్లు యట్ల కొట్టుకున్న్యాయో చూసినావు కదా. దానికేమన్నా అయ్యుంటాది" అన్నాడు.

"ఫ్యాన్లు బాగానే తిరుగుతాండాయి కదా. ఫ్రిజ్జు బాగుండాది. టీవీ బాగుండాది. నా డిస్కులు రెండే పోతాయా?"

"అంటే?"

"నేనేమీ అన్లేదు."

"అన్లేదు గానీ అనుకుంటాండావు" అని, మజ్జిగ పోసుకుని తిని వెళ్లిపోయాడు.

నేను ఎవరినీ అనుకోవడం లేదు. జ్యోతి తొమ్మిదేళ్లు నా దగ్గర పనిచేసింది. పంతొమ్మిదేళ్ల పిల్లప్పుడు కొత్తచెరువు నుంచి రోజూ బస్సులో వచ్చేది. మౌస్ పట్టుకోవడం నేనే నేర్పించాను. ఇప్పుడు వాళ్ల ఊళ్లోనే సొంతంగా డిజైన్లు మొదలుపెడతానంటే "మంచిదే" అన్నాను. నిజంగానే మంచిదే అనుకున్నాను.

గది తాళంచెవి శుక్రవారమే తిరిగి ఇచ్చేసింది. ఇచ్చే ముందు ఇంకొకటి చేయించుకుని ఉండొచ్చు. అలా చేసిందని కాదు, చేయించుకోవడం పెద్ద పనేం కాదని రాస్తున్నాను.

పోయే ముందు పెన్‌డ్రైవులో ఏవో ఎక్కించుకుంది. ఏమవి అని అడిగితే "నావి కొన్ని అక్కా" అంది. ఆమెవి అంటే ఏవి? ఆ కంప్యూటర్లో ఉన్నవన్నీ సునంద డిజైన్సువే. ప్రతి దాని కింద నా పేరు ఉంది.

మే 7, బుధవారం

స్టేషన్ రోడ్డులో రిపేరు షాపు పెట్టుకున్న తిప్పేష్ వచ్చాడు. డబ్బా తెరిచి, దుమ్ము ఊది, ఆన్ చేసి చూశాడు.

"బోర్డు బాగుండాదక్కా. డిస్కులే కనపడ్లేదు. ఈడ చెయ్యి పెట్టి చూడండి. తిరిగే అదురు ఏమన్నా తెలుస్తాందా?"

చెయ్యి పెట్టాను. చచ్చినట్టు పడి ఉన్నాయి. రెండూ.

"రెండూ ఒకేసారి పోవక్కా. ఇవి నాకియ్యండి, షాపులో ఇంగో కంప్యూటర్‌కు తగిలించి చూస్తా. ఐదు నిమిషాల్లో తేలిపోతాది."

రెండూ ఒకేసారి పోవు. నేను కాదు, పని తెలిసినవాడు అన్న మాట ఇది.

డిస్కులు ఇవ్వలేదు. ఐదు నిమిషాల్లో తేలిపోయే పని అయితే ఐదు నిమిషాల్లో కాపీ కూడా అవుతుంది. ధర్మవరంలో డిజైను బయటికి పోతే వారం తిరక్కుండా పది మగ్గాల మీద ఉంటుంది. పైగా తిప్పేష్, జ్యోతి తమ్ముడు ఇద్దరూ ఐటీఐలో కలిసి చదివారట. ఆ సంగతి అతనే మాటల్లో చెప్పాడు. ఎందుకు చెప్పినట్టు?

"మళ్ల పిలుస్తాలేప్పా" అని పంపించేశాను.

అతను వెళ్లాక చూశాను. డబ్బా పక్క రేకుకు నాలుగు మరలు ఉండాలి. మూడే ఉన్నాయి.

మే 8, గురువారం

మర ఎక్కడా దొరకలేదు. గదంతా ఊడ్చి చూశాను. మంచం కింద కూడా.

మే 9, శుక్రవారం

ఫోన్లో వీడియోలు చూసి నేనే మొదలుపెట్టాను. డిస్కు నుంచి బోర్డుకు పోయే సన్న వైర్లు రెండూ కొత్తవి తెచ్చి మార్చాను. కనపడలేదు. బోర్డు మీద వేరే చోట గుచ్చాను. కనపడలేదు. గుండీ అంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, అదీ కొత్తది వేశాను. తేదీ, టైమూ సరిగ్గా వచ్చాయి. డిస్కులు రాలేదు.

ప్రతి వీడియోలోనూ చివరికి ఒకటే చెప్తున్నారు, ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడమని. వాళ్లకేం, ఎన్నైనా చెప్తారు.

వాళ్లు ఎన్ని కారణాలు చెప్పినా ఒక్కటి చెప్పడం లేదు. మనిషి చేయి. దుమ్ము పట్టినప్పుడల్లా డబ్బా తెరిచి కుంచెతో తుడిచేది జ్యోతే. ఏ వైరు ఎక్కడిదో ఆమెకు తెలిసినంత నాకు తెలియదు.

మే 12, సోమవారం

షావుకారు ఈశ్వరప్ప వచ్చాడు. ఆయనకు పద్నాలుగు మగ్గాలు. నేను డిజైను ఇస్తే దాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొట్టించి మగ్గాలకు ఎక్కిస్తాడు. శ్రావణం పెళ్లిళ్లకు శెనక్కాయ అంచును ఈసారి కొంగు దాకా పెంచి ఇమ్మన్నాడు. పోయిన నెలాఖరుకే పూర్తి చేశాను. అదిప్పుడు ఆ చచ్చిన డిస్కుల్లో ఉంది.

శెనక్కాయ అంచుతోనే నాకు ఇంత పేరు వచ్చింది. వేరుశెనగ చెట్టుకున్నట్టే నాలుగేసి ఆకులు, పసుపు పూత, పూత నుంచి నేలలోకి దిగే ఊడ, కింద జంట కాయలు. ఎవరు అడిగినా చెప్తుంటాను, బత్తలపల్లెలో మా అమ్మ దగ్గరికి పోతూ బస్సు కిటికీలోంచి చేను చూసినప్పుడు తట్టిందని.

"నాలుగు మగ్గాలకు పడుగు ఎక్కించి పెట్టుకోనుండా సునందమ్మా. నేసేవాళ్లు ఊరికే కూర్చోనుండారు. ఎప్పుడిస్తావు?"

"డిస్కులు కనపడ్లేదన్నా."

"రెండూనా? ఒకేసారా? అదెట్లమ్మా?"

"అదే నాకూ అర్థం కాలేదన్నా. రెండో తేదీ శుక్రవారం దాకా బాగుండె. ఆ పొద్దే జ్యోతి పని ఇడ్చిపెట్టి పోయింది. తాళంచెవి ఆయమ్మ కాడే ఉండె. పెన్‌డ్రైవులో ఏమో ఎక్కించుకోని పోయింది."

ఇంతే చెప్పాను. ఇందులో ఒక్క మాట అబద్ధం లేదు.

ఈశ్వరప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ పిల్లకు ఒక అంచు పని ఇద్దామని మాటిచ్చి ఉండా. మొదటిది కదా అని" అన్నాడు. "ఇంగ ఆలోచన చెయ్యల్ల."

నేను ఏమీ అనలేదు.

మే 13, మంగళవారం

నేను ఏమీ అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

మే 14, బుధవారం

పదకొండు గంటలకు జ్యోతి వచ్చింది. ఎండకు ముఖమంతా ఎర్రగా కందిపోయి ఉంది. బస్టాండ్ నుంచి నడిచే వచ్చినట్టుంది. నేను గడపలో నిలబడ్డాను.

"అక్కా, ఈశ్వరప్ప ఇస్తానన్న పని ఇప్పుడు లేదంటాండాడు."

"అట్లనా."

"నువ్వేమన్నా చెప్పినావా?"

"లేదే. నేనేం చెప్తా?"

 ఆమె నా భుజం మీదుగా గదిలోకి చూసింది. కంప్యూటర్ డబ్బా పక్క రేకు తీసేసి, వైర్లు బయట వేలాడుతున్నాయి.

"ఏమైందక్కా దానికి?"

"డిస్కులు కనపడ్లేదు."

"రెండూనా?"

అందరూ అడిగినట్టే అడిగింది. కానీ ఆమె అడిగినప్పుడు కళ్లు కిందికి దించుకుంది. నేను స్పష్టంగా చూశాను.

"నేను చూడల్నా?" అంది.

"వద్దులే. తిప్పేష్ చూస్తాండాడు."

వస్తానక్కా అనకుండానే వెళ్లిపోయింది. పోతూ వెనక్కి కూడా చూడలేదు. లోపలికి రమ్మని పిలవలేదని, మంచినీళ్లు కూడా ఇవ్వలేదని తర్వాత గుర్తొచ్చింది. తప్పు చేయకపోతే ఎందుకు అంత తొందరగా వెళ్లిపోతుంది?

మే 16, శుక్రవారం

ఈశ్వరప్ప రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి ఎత్తలేదు.

మే 18, ఆదివారం

నాగేశ్వరతో గొడవ.

ఆయన షెడ్డులోకి ఈశ్వరప్ప మగ్గం నేసే పుల్లన్న వచ్చాడట. పన్నెండు రోజులుగా మగ్గం ఖాళీ, మీ ఇంట్లో ఏం జరుగుతోందని అడిగాడట. "మీ ఆడమనిషి కాడ పనిచేసిన పిల్ల దొంగతనం చేసిందంట కదా" అని కూడా అన్నాడట.

"దొంగతనం అని నేను యాడా అన్లేదు" అన్నాను.

"మల్ల ఆ మాట ఊర్లోకి యాడనుంచి వచ్చింది?"

"నాకేం తెల్సు? మర ఒకటి పోయింది. మూడే ఉండాయి. ఎవరు ఇప్పినారో చెప్పు."

"ఆ మర మూడేండ్ల నుంచి లేదు. పోయినప్పుడు నేనే చూసినా. నీకు కనపడ్లేదంతే." ఆయన గొంతు పెద్దదైంది. "ఐదు నిమిషాల పని అని తిప్పేష్ చెప్పి పదకొండు దినాలాయ. ఎవరో ఎత్తుకపోతారని నువ్వు ఆ పెట్టెను కావిలి కాస్తాండావు. అవతల నాలుగు మగ్గాలు పండుకోనుండాయి. నీకు డిస్కులు కావల్నా, ఆ పిల్ల దొంగని తేలడం కావల్నా?"

 డిస్కులే కావాలని వెంటనే అనాలి కదా. అనలేదు.

రేపు అనంతపురం తీసుకుపోతాను. అక్కడ ఎవరికీ నేనెవరో తెలియదు, నా డిజైన్లేమిటో తెలియదు.

మే 19, సోమవారం

రెండు డిస్కులనూ తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాను. బత్తలపల్లె దగ్గర జనం ఎక్కి మీద పడుతుంటే రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

రిపేరు షాపులో ఉదయ్ కుమార్ అని ఒకతను, ముప్పై ఏళ్లుంటాయి. "రేపు రండి మేడం" అన్నాడు. ఇక్కడే ఉంటాను, నా ఎదురుగానే చూడాలన్నాను. విచిత్రంగా చూశాడు కానీ, తన కంప్యూటర్ తెరిచి మొదటి డిస్కు తగిలించాడు. నా వేళ్లు దాని మీదే పెట్టుకున్నాను. సన్నగా అదిరింది.

తర్వాత రెండోది. అదీ అదిరింది.

"బాగుండాయి కదా మేడం" అన్నాడు. తెర మీద అన్నీ ఉన్నాయి. ఒక్క ఫైలు పోలేదు, ఒక్కటి మారలేదు.

"మరి మా ఇంట్లో ఎందుకు కనపడ్లేదు?"

"రెండింటికీ కరెంటు ఒకటే వైరు మీద నుంచి వస్తాందేమో చూడండి. ఆ వైరు కాలింటే రెండూ ఒకేసారి పోతాయి. డిస్కులదేం తప్పు లేదు."

సంతోషం రావాలి. వచ్చే దారంతా దాని కోసం ఎదురుచూశాను.

మే 20, మంగళవారం

తిప్పేష్‌ను పిలిపించాను. కంప్యూటర్ లోపలి కరెంటు డబ్బా నుంచి డిస్కులకు పోయే లావు వైరు బయటికి లాగి చూపించాడు. అది డబ్బాలోంచి బయలుదేరే చోట, కంటికి ఆనని లోపలి మూల ప్లాస్టిక్ కరిగి, గోధుమ రంగుకు మారి, ముద్దయింది. రెండు డిస్కులకూ కరెంటు ఆ ఒక్క వైరు మీదే పోతుంది.

"కరెంటు ఎక్కువ తక్కువై కాలిందక్కా. ఆ పొద్దు డిస్కులు ఇచ్చింటే సాయంత్రానికల్లా చెప్పుందును."

కొత్త కరెంటు డబ్బా బిగించాడు. పది నిమిషాలు. కంప్యూటర్ ఎప్పటిలాగే తెరుచుకుంది.

సామాను సర్దుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "మీ డిజైన్లు నేను జ్యోతికి ఇస్తాననుకున్న్యారు కదా. ఆ పిల్ల దొంగంటాండారని పుల్లన్న చెప్పినాక అర్థమాయ."

లేదప్పా అనబోయాను. అతను అప్పటికే బండి స్టార్ట్ చేశాడు.

మే 21, బుధవారం

ఈశ్వరప్పకు ఫైలు ఇచ్చాను. "బతికించినావు తల్లీ" అన్నాడు. "మల్ల ఆ పిల్ల ఏం చేసిందంటావు?" అని అడిగాడు.

వైరు కాలిందన్నాను. అంతకు మించి చెప్పలేదు, అక్కడ నేసేవాళ్లు ఉన్నారు. రేపు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్తాను.

మే 22, గురువారం

రేపు.

మే 23, శుక్రవారం

డిస్కుల్లో ఏమీ పాడు చేయకపోయినా, ఏం ఎత్తుకుపోయిందో చూడాలి కదా. ఆఖరి రోజు తెరిచినవి ఏవో తేదీల ప్రకారం వరుసగా పెట్టాను. నలభై ఒక్క ఫైళ్లు. అందులో శెనక్కాయ అంచు ఉంది.

దొరికిందనుకున్నాను. నిజం రాస్తున్నాను, గుండె తేలికైంది.

అది ఎవరిదో తేదీతో సహా చూపించాలని ఆ అంచు మొట్టమొదటి ఫైలు తెరిచాను. కింద నా పేరు లేదు. "జ్యోతి 1" అని ఉంది. 2019 ఆగస్టు. దాన్నే నవంబరులో నా పేరుతో మళ్లీ దాచాను.

2019 ఆగస్టులో అమ్మ తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు బత్తలపల్లెలోనే ఉన్నాను. ఇక్కడ పనంతా జ్యోతి ఒక్కతే చూసుకుంది. నేను తిరిగి వచ్చాక, బెదురుతూ ఒక అంచు చూపించింది. "మా చేన్లో చూసి గీసినానక్కా, బాగుండాదా?" అంది. రెండు ఆకులు వంచి, రంగు మార్చి, నా పేరు పెట్టాను. అప్పుడు అదేమీ తప్పనిపించలేదు. నా కంప్యూటర్, నా గది, నేను నేర్పిన పని.

బస్సు కిటికీ కథ ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తు లేదు. ఇన్నేళ్లలో అది నిజమేనని నేనే నమ్మాను.

మే 25, ఆదివారం

కొత్తచెరువు వెళ్లాను.

జ్యోతి వాళ్ల ముందు గదిలో కొత్త కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది. ఆమె కింద కూర్చుని గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గళ్లు నింపుతోంది. వాళ్ల అమ్మ బయమ్మ నాకు చెంబుతో నీళ్లిచ్చి లోపలికి వెళ్లింది.

"వైరు కాలింది" అన్నాను.

"తెల్సు. తిప్పేష్ చెప్పినాడు."

"ఈశ్వరప్పకు నేనే చెప్పినా. తాళంచెవి, పెన్‌డ్రైవు. అంతా నేనే."

"అదీ తెల్సక్కా." పెన్సిలు ఆపలేదు. "ఆ పొద్దు నీ ఇంటికి రాకముందే ఈశ్వరప్ప ఫోన్ చేసి చెప్పినాడు. సునందమ్మ ఇట్ల అనింది, నాకు భయమైతాదమ్మా అని."

"తెలిసి కూడా అడిగినావా?"

"నీ నోటితో చెప్తావేమో అని. చెప్పింటే, రెండు మాటలు కోపంగా అనుకోని, లోపలికొచ్చి ఆ వైర్లు నేనే చూసుందును. నువ్వు తలుపు సగమే తీసినావు."

 "ఏం చేయమంటావు?" అన్నాను.

"ఈశ్వరప్పకు చెప్పు. ఆ తర్వాత నేను గీసిన వాటికి నా పేరు రాయి."

"ఆ నలభై ఒకటీ..."

"అవి నాకు కావల్సినవి తీసుకున్న్యా. అన్నీ అవే అని నేను చెప్పలేదే." అప్పుడు తలెత్తి చూసింది. "ఎన్నుండాయో నేను లెక్క పెట్టుకోలేదు. నువ్వే చూడు. యావి ఎవరివో నీకు తెల్దా?"

బస్సు దాకా రాలేదు. రావాలని నేనూ అనుకోలేదు.

మే 26, సోమవారం

ఈశ్వరప్ప మగ్గాల షెడ్డుకు వెళ్లాను. ఈసారి నేసేవాళ్లు ఉండగానే చెప్పాను. జ్యోతి ఏమీ చేయలేదని, నేను అన్నది తప్పని. శెనక్కాయ అంచు కూడా ఆమెదేనని.

పుల్లన్న మగ్గం ఆగింది. పక్కది కూడా ఆగింది.

"మల్ల ఇన్నేండ్లు నీదే అంటివి కదమ్మా" అన్నాడు ఈశ్వరప్ప.

"అన్న్యా."

 ఆయన ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాడు. "ఏమ్మా జ్యోతీ" అనడం వినిపించింది. ఆ తర్వాత మాటలు వినకుండా వచ్చేశాను.

మే 28, బుధవారం

నిన్నటి నుంచి ఒక్కొక్క ఫైలూ తెరుస్తున్నాను. మొత్తం ఐదు వందల అరవై. జ్యోతివి నలభై ఒకటికి కొంచెం అటూ ఇటూ ఉంటాయనుకున్నాను. సాయంత్రానికి రెండు వందలు చూశాను. అందులోనే జ్యోతివి అరవై మూడు.

మే 29, గురువారం

187వ ఫైలు దగ్గరికి మళ్లీ వచ్చాను. మామిడి పిందెల అంచు. నిన్న దాన్ని నా వైపే వేసుకుని ముందుకు పోయాను. ఆ ఫైలు మీద మొదటి నుంచీ నా పేరే ఉంది, తేదీలో ఏ తేడా లేదు. ఆ రోజు ఇద్దరం ఒకే తెర ముందు కూర్చున్నాం. గీత ఎవరిదో గుర్తు లేదని ఇక్కడ రాయబోయాను. రాస్తే కాదనేవాళ్లు ఎవరూ లేరు.

గుర్తుంది. జ్యోతిది.

అరవై నాలుగు.